వార్డు నిండిన రాత్రి: తోటి నర్సులకు కొన్ని మాటలు

“సిస్టర్, మా నాయిన అన్నం తిన్నడా?”

కోవిడ్ రోజుల్లో సికింద్రాబాద్ ఆస్పత్రుల్లో డ్యూటీ చేసిన ఏ నర్సునడిగినా ఈ ప్రశ్న గుర్తుందనే చెబుతుంది. సాచురేషన్ ఎంతుంది, ఏ ఇంజెక్షన్ ఇచ్చారు అని అడిగేవాళ్ళు కొందరే. గేటు బయట ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకుని కూర్చున్న కొడుకైనా, నల్లగొండ నుంచో కరీంనగర్ నుంచో ఫోన్ చేసే కూతురైనా అడిగేది ఇదే. దీనికి నిజమైన జవాబు చెప్పాలంటే ఆ పూట ఆయన తిన్నాడో లేదో మీకు తెలిసి ఉండాలి. ముప్పై బెడ్లకు ఇద్దరే నర్సులున్న రాత్రి అంత చిన్న సంగతి తెలిసి ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నేను ఈ ఊళ్ళోనే ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. స్టాఫ్ నర్సుగా చేరి వార్డు ఇన్‌చార్జ్ దాకా వచ్చాను. 2020లోనూ 2021లోనూ కోవిడ్ వార్డులోనే ఉన్నాను. రేపు ఇంకో జబ్బు వచ్చినప్పుడు ఆ వార్డులో నిలబడబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని జంటనగరాల పాత జనం ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే మాట జనం నోట్లో అరిగి అరిగి కోరంటి అయింది. ఈ ఊరికి అంటురోగాలు కొత్త కాదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. అంత పెద్ద ఉపద్రవం లేకపోయినా ప్రతి వానాకాలం డెంగీతో మన వార్డులు నిండుతూనే ఉన్నాయి.

దయ, నీతి అనగానే నర్సింగ్ స్కూల్లో దీపం పట్టుకుని చేసిన ప్రమాణం గుర్తొస్తుంది. ఆ ప్రమాణాన్ని నేను తక్కువ చేయను. కానీ పన్నెండు గంటల డ్యూటీలో పదో గంటకు అది గుర్తుకు రాదు. అప్పుడు చేతికి అలవాటైన పనే జరుగుతుంది. అందుకే క్యాన్యులా పెట్టడం ఎలా అలవాటు చేసుకున్నామో దయను కూడా అలాగే అలవాటు చేసుకోవాలి. ఏ గంటలో, ఏ పనిలో మనం జారిపోతామో ముందే తెలిసి ఉండాలి.

ముందు పోయేది పేరు

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. దుబాయ్ వెళ్ళొచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వైద్యం చేసింది మన గాంధీ ఆస్పత్రే. కొద్ది వారాల్లోనే గాంధీ మొత్తం కోవిడ్ ఆస్పత్రి అయిపోయింది. ఊళ్ళో మిగిలిన ఆస్పత్రులు కూడా ఒక్కో అంతస్తు చొప్పున ఖాళీ చేసి కోవిడ్ వార్డులు పెట్టాయి. కేసులు పెరిగేకొద్దీ మన నోట్లో పేషెంట్ల పేర్లు పోయి బెడ్ నంబర్లు మిగిలాయి. “12కి సాచురేషన్ పడిపోతోంది.” “7ని ఐసీయూకి షిఫ్ట్ చేయండి.” తొందరలో అలా మాట్లాడుకోవడం తప్పదు. కానీ వారం గడిచేసరికి మనసులో కూడా ఆ మనిషి 12గానే మిగిలిపోతాడు. మొదటి ప్రమాదం అదే.

ఇది మర్యాద విషయం మాత్రమే కాదు, సేఫ్టీ విషయం కూడా. రద్దీలో బెడ్లు మారుస్తూనే ఉంటాం. సాయంత్రం 12లో ఉన్న మనిషి రాత్రికి 15లో ఉంటాడు. బెడ్ నంబరు చూసి మందు ఇచ్చే అలవాటున్న నర్సు చేతిలో ఒకరి ఇన్సులిన్ ఇంకొకరికి పోతుంది. మందు ఇచ్చే ముందు పేరు అడిగి, చేతి ట్యాగు చూసి, కేస్‌షీట్ నంబరుతో సరిచూసుకోవాలి. మనిషి మాట్లాడగలిగితే “మీ పేరేంటండీ?” అని ఆయన నోటితోనే చెప్పించుకోవాలి. “మీరు వెంకటయ్యే కదా?” అని అడిగితే నిద్రమత్తులో ఎవరైనా ఊ అంటారు.

రెండో పేరు మీది. పీపీఈ వేసుకున్నాక పేషెంటుకు మన ముఖం కనిపించదు, కళ్ళు కూడా గాగుల్స్ వెనక ఆవిరి పట్టిపోతాయి. అప్పట్లో ఒకరి గౌను మీద ఒకరం మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్ళం. మొదట్లో ఇంగ్లీషులోనే రాసుకున్నాం. మా వార్డులో కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ మాత్రం తన పేరు తెలుగులో రాయమని ఎవరో ఒకరిని పట్టుకుని రాయించుకునేది. ఆమెకు తెలుగు చదవడం రాదు. కానీ పడుకున్న అవ్వలు ఆమెనే పేరు పెట్టి పిలిచేవాళ్ళు, మిగతా అందరం “ఓ సిస్టరూ” మాత్రమే. ఆ తర్వాత అందరం తెలుగులోనే రాయించుకున్నాం.

పిలుపు విషయంలో ఒక జాగ్రత్త. పెద్దయ్యా, అవ్వా, తాతా అంటే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఊరట పడతారు. బ్యాంకులోనో రైల్వేలోనో పనిచేసి రిటైరైనాయన్ని తాతా అంటే చిన్నబుచ్చుకోవచ్చు. మొదటిసారే “మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అని అడిగితే గొడవే ఉండదు. ఎంత అలసిపోయినా పెద్దవాళ్ళను నువ్వు అని మాత్రం అనకండి. కోపం ముందుగా బయటపడేది అక్కడే.

మాస్కు పీకేసే పేషెంటు

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. నేను చూసినంతలో మంచి నర్సులు కూడా అదుపు తప్పేది ఇక్కడే.

అరవై దాటిన మనిషి. బైపాప్ మీద ఉన్నాడు. మాస్కు బిగుతుగా ఉంటుంది, ముక్కు మీద చర్మం ఎర్రగా కమిలింది. మీరు పెట్టి వెళ్తారు, ఆయన తీసేస్తాడు. మళ్ళీ పెడతారు, మళ్ళీ తీస్తాడు. మీకు ఇంకో పద్నాలుగు మంది ఉన్నారు. మూడోసారి నోటి నుంచి వచ్చే మాట “తీస్తే చచ్చిపోతావు, తెలుస్తుందా?” నేనూ అన్నాను. నాలుగోసారి గాజు గుడ్డతో చేతులు రెయిలింగ్‌కు కట్టేయడం.

ఆగి చూస్తే ఆయన మాస్కు పీకడానికి కారణాలు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఆక్సిజన్ తగ్గి మెదడు తికమకపడి ఉండొచ్చు. అది మొండితనం కాదు, లక్షణం. డాక్టర్‌కు వెంటనే చెప్పాల్సిన విషయం. లేదా నోరు ఎండిపోయి ఉండొచ్చు. గాలి గంటల తరబడి ఒత్తిడితో కొడుతుంటే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. లేదా మూత్రానికి వెళ్ళాలి, చెప్పడానికి సిగ్గు. లేదా స్ట్రాప్ చెవి మీద కోసుకుంటోంది. లేదా భయం.

నేను తర్వాత్తర్వాత నేర్చుకున్న వరస ఇది: ముందు మానిటర్ చూడాలి, తర్వాత ముక్కు చెవులు చూడాలి. డాక్టర్ ఒప్పుకున్న మేరకు మాస్కు కొన్ని సెకన్లు తీసి తడి గాజు గుడ్డతో పెదాలు, నాలుక తుడవాలి. “ఒంటికి పోవాలా?” అని ఒక్కసారి అడగాలి. ముక్కు మీద ప్యాడింగ్ పెట్టాలి. మాస్కు మళ్ళీ పెడుతూ “పదిహేను నిమిషాలు ఉంచండి, నేనే వచ్చి కాసేపు సడలిస్తాను” అని టైం చెప్పాలి. చెప్పిన టైంకు వెళ్ళాలి. మొత్తం రెండు నిమిషాల పని. ఐదుసార్లు మాస్కు తిరిగి పెట్టడానికి పట్టే టైం కన్నా ఇది తక్కువ. చెప్పిన టైంకు వెళ్ళలేకపోతే అసలు చెప్పకండి. ఒకసారి మాట తప్పితే రెండోసారి ఆయన నమ్మడు.

బోర్లా పడుకోబెట్టడం కూడా ఇంతే. పొట్ట ఉన్నవాళ్ళకు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకు అది నరకం. “బోర్లా పడుకోండి” అని ఆర్డర్ వేసి వెళ్ళిపోతే నిమిషంలో వెల్లకిలా తిరుగుతారు. ఛాతీ కింద ఒక దిండు, తుంటి కింద ఒకటి, కాళ్ళ కింద ఒకటి పెట్టి, ఆక్సీమీటర్ అంకె ఆయనకే చూపించాలి. 88 ఉన్నది 93 అవడం కళ్ళారా చూసిన మనిషి తనంతట తానే బోర్లా పడుకుంటాడు.

కట్టేయడం తప్పనిసరి అయిన సందర్భాలు ఉంటాయి. ట్యూబ్ పీకేస్తే ప్రాణం పోయే స్థితిలో వేరే దారి లేకపోవచ్చు. అప్పుడు కూడా డాక్టర్ రాతపూర్వక ఆర్డర్ ఉండాలి. ఎందుకు కట్టారో, ఎన్ని గంటలకు కట్టారో నోట్స్‌లో ఉండాలి. ముడి కింద రెండు వేళ్ళు దూరాలి. తరచూ విప్పి చేతి రంగు, చల్లదనం చూడాలి. ఇంటివాళ్ళకు మీరే ముందు చెప్పాలి. వీడియో కాల్‌లో కొడుకు తన తండ్రి కట్టేసిన చేతుల్ని హఠాత్తుగా చూస్తే ఆ తర్వాత మీరెంత చెప్పినా వినడు. అతన్ని తప్పుపట్టలేం.

సంతకం అడిగేటప్పుడు

అర్ధరాత్రి ఫారం తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళి “ఇక్కడ, ఇక్కడ సంతకాలు పెట్టండి” అనడం మనందరికీ అలవాటే. డాక్టర్ వివరించాలి, మనం సాక్షి. వివరించకుండానే సాక్షి సంతకం చేస్తే ఆ అబద్ధం మన పేరు మీద ఉంటుంది.

సికింద్రాబాద్‌లో ఈ విషయానికి పాత కథ ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే, బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఎనిమిది అణాలు ముట్టాయి అతనికి. తన ఒంటి మీద ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో అతనికి ఎవరు ఎంతవరకు చెప్పారో అని రాస్ పనిచేసిన బంగళా పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా ఆలోచిస్తాను. ఈ రోజున అలా కుదరదు. కొత్త జబ్బు వచ్చినప్పుడు మందులన్నీ సగం ప్రయోగాలే, మాటిమాటికీ ప్రొటోకాల్ మారుతుంది. పేషెంటు “ఇదేం మందు?” అని అడిగితే “డాక్టర్ రాశారు, వేసుకోండి” అనకండి. తెలిసింది చెప్పండి, తెలియంది డాక్టర్‌ను అడిగి చెబుతానని చెప్పండి. వద్దనే హక్కు ఆయనకుంది. వద్దంటే బలవంతం చేయకుండా, విసుక్కోకుండా, డాక్టర్‌కు చెప్పి నోట్స్‌లో రాయాలి.

ఫోన్‌లో ఏం చెప్పాలి

మంచి మనసుతో చేసే పెద్ద తప్పు “బాగానే ఉన్నారండి” అనడం. అవతలి మనిషి ఏడుస్తుంటే ఊరట కోసం అనేస్తాం. రెండు గంటల తర్వాత ఆయన పోతే, ఆ కుటుంబానికి జీవితాంతం మిగిలేది ఆ మాటే. బాగున్న మనిషి ఎలా పోయాడు, ఏదో చేశారు అన్న అనుమానం అక్కడ పుడుతుంది. 2020 ఏప్రిల్ 1న గాంధీలో చనిపోయిన పేషెంటు బంధువులు డ్యూటీ డాక్టర్ మీద దాడి చేశారు. జూన్‌లో మళ్ళీ దాడి జరిగి జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. దాడికి ఏ సమర్థనా లేదు. కానీ కోపం రాజుకోవడానికి సమాచారం లేకపోవడం, తప్పుడు ఊరట రెండూ కారణాలేనని వార్డులో ఉన్నవాళ్ళకు తెలుసు.

కళ్ళతో చూసింది మాత్రమే చెప్పండి, టైంతో సహా చెప్పండి. “ఇప్పుడే, నాలుగు గంటలకు చూసి వచ్చానండి. ఆక్సిజన్ 10 లీటర్లు పెట్టాం, సాచురేషన్ 91 ఉంది. పొద్దున కన్నా ఆక్సిజన్ ఎక్కువ అవసరం పడుతోంది. అన్నం తినలేదు, జావ అర గ్లాసు తాగారు. మిమ్మల్ని అడిగారు. డాక్టర్ గారు ఆరింటికి మీతో మాట్లాడతారు.” ఇందులో అబద్ధం లేదు, ఆశ పెట్టలేదు, నిరాశ పరచలేదు. బతుకుతారా అని అడిగితే ఆ జవాబు డాక్టర్‌దే. “అది నేను చెప్పగలిగింది కాదండి, కానీ పరిస్థితి సీరియస్‌గా ఉంది, మీ వాళ్ళందరికీ తెలియనివ్వండి” అనొచ్చు. ఆ తర్వాత డాక్టర్ నిజంగా ఫోన్ చేశారో లేదో కనుక్కోవడం కూడా మీ పనే. చేయకపోతే గుర్తు చేయండి.

ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి. కేస్‌షీట్‌లో ఒక్క నంబరే పెట్టించుకుని, దానికే చెప్పండి. కాలనీ ప్రెసిడెంటు, ఆఫీసులో బాసు, “నేను ఫలానా చానల్ నుంచి” అనేవాళ్ళు అందరూ ఫోన్ చేస్తారు. ఎవరికీ ఏమీ చెప్పకండి. కోవిడ్ వచ్చిందని తెలిసి ఇల్లు ఖాళీ చేయించిన ఓనర్లను మనం చూశాం. ఒక్క మాట జారితే ఒక కుటుంబం రోడ్డు మీద పడుతుంది. వార్డులో సెల్ఫీలు, స్టేటస్‌లు అసలే వద్దు. వెనక బెడ్ మీద పడుకున్న మనిషి ముఖం మీ ఫోటోలో ఉంటుంది.

దాడి జరిగితే మాత్రం సర్దుకుపోకండి. 2020 ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఎపిడమిక్ డిసీజెస్ చట్టాన్ని మార్చింది, ఆ సెప్టెంబర్‌లో అదే చట్టమైంది. మహమ్మారి కాలంలో ఆరోగ్య సిబ్బందిని కొడితే నాన్ బెయిలబుల్ కేసు, మూడు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. తీవ్ర గాయమైతే ఏడేళ్ళ దాకా. మామూలు రోజుల్లో కూడా 2008 నాటి రాష్ట్ర చట్టం ఉంది. తిట్లూ బెదిరింపులూ వచ్చినప్పుడే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసి పెట్టుకోండి. తర్వాత జ్ఞాపకం మీద రాసింది ఎక్కడా నిలవదు.

చూడనిది రాయొద్దు

ఇది నా తప్పు, చెప్పాలి. ఒక రాత్రి, ఆస్పత్రి పేరు అవసరం లేదు, నాలుగు గంటల రౌండులో ఆరుగురి దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఒక బెడ్ దగ్గర క్రాష్ అయి అక్కడే ఉండిపోయాను. ఆరింటికి చార్టులు ఖాళీగా కనిపించాయి. రెండు గంటల రీడింగులు చూసి, అటూ ఇటుగా అంకెలు వేసి నింపేశాను. ఆ ఆరుగురిలో ఒకామెకు షుగర్ ఉంది, స్టెరాయిడ్ నడుస్తోంది. ఏడింటికి చెక్ చేస్తే గ్లూకోజ్ 400 దాటింది. నేను రాసిన అంకె 190. డ్యూటీ డాక్టర్ నా అంకె నమ్మే ఇన్సులిన్ డోసు మార్చలేదు. ఆమెకు ఏమీ కాలేదు. అది ఆమె అదృష్టం.

2021లో బ్లాక్ ఫంగస్ కేసులు వరసకట్టినప్పుడు, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఆ పేషెంట్లతో నిండిపోయినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. అదుపు తప్పిన షుగర్, దాని మీద స్టెరాయిడ్ ఆ జబ్బుకు పెద్ద కారణాలు. కళ్ళు తీసేయాల్సి వచ్చినవాళ్ళు ఉన్నారు. మన చార్టులో అంకె అంటే ఎవరిదో కన్ను.

వెళ్ళలేకపోతే గడి ఖాళీగా వదలండి. “4 గంటలకు చూడలేదు, 9వ బెడ్ దగ్గర ఎమర్జెన్సీలో ఉన్నాను” అని రాసి సంతకం పెట్టండి. ఇన్‌చార్జ్ కోప్పడవచ్చు. పడనివ్వండి. ఖాళీ గడి స్టాఫ్ సరిపోవడం లేదని చెప్పే సాక్ష్యం. అన్నీ నిండిన చార్టు ఇద్దరు నర్సులతో ముప్పై బెడ్లు నడిచిపోతాయని మేనేజ్‌మెంట్‌కు మనమే ఇచ్చే సర్టిఫికెట్. వెంటిలేటర్ పేషెంటుకు ఒక నర్సు ఉండాలన్నది అందరూ ఒప్పుకునే నియమం. దాన్ని అడగాలంటే మన కాగితాలు నిజం చెప్పాలి. నోటి ఆర్డర్లు కూడా అంతే. డాక్టర్ ఫోన్‌లో చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, టైం వేసి, వచ్చాక సంతకం తీసుకోండి.

మిగిలిపోయిన వయల్

2021 ఏప్రిల్, మే నెలల్లో రెమ్‌డెసివిర్ కోసం జనం మందుల షాపుల ముందు తెల్లవార్లూ నిలబడ్డారు. ప్రాణం కాపాడుతుందన్న రుజువు లేదని అంతకుముందు ఏడాదే డబ్ల్యూహెచ్‌ఓ ట్రయల్‌లో తేలింది. 2020 నవంబర్‌లో వాడొద్దని కూడా చెప్పింది. అయినా ప్రిస్క్రిప్షన్లు ఆగలేదు, బ్లాక్ మార్కెట్ ఆగలేదు. అరెస్టయిన వాళ్ళలో ఆస్పత్రి సిబ్బంది కూడా ఉన్నారు.

ఎలా మొదలవుతుందో చెబుతాను, ఎందుకంటే ఎవరూ దొంగతనం చేద్దామని డ్యూటీకి రారు. పేషెంటు ఆరు వయల్స్ తెచ్చాడు, నాలుగు వాడాక పోయాడు. రెండు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఇంటివాళ్ళు అడిగే స్థితిలో లేరు. ఎవరో వచ్చి, “సిస్టర్, పక్క వార్డులో చిన్న పిల్లల తండ్రి, దొరకట్లేదట” అంటారు. నిజమే కావచ్చు. మీరు ఇస్తారు. వాళ్ళు కృతజ్ఞతతో ఏదో చేతిలో పెడతారు. మూడోసారికి అది రేటు అవుతుంది. దయతోనే మొదలైంది, అదే ఇందులో భయంకరమైన సంగతి.

మిగిలిన మందు ఎవరి డబ్బుతో కొన్నదో వాళ్ళదే. స్టోర్ నుంచి వస్తే స్టోర్‌ది. ఇద్దరి సంతకాలతో తిరిగి ఇచ్చేయాలి. ఇంటివాళ్ళు వేరే పేషెంటుకు ఇద్దామనుకుంటే వాళ్ళు డాక్టర్ ద్వారా, ఫార్మసీ ద్వారా ఇస్తారు. మీ జేబు మధ్యలో రాకూడదు. ఖాళీ వయల్స్ కూడా లెక్కపెట్టి గాజు వ్యర్థాల డబ్బాలో వేయాలి.

బెడ్ల విషయంలో పైరవీ కూడా ఇలాంటిదే. ఒకే ఐసీయూ బెడ్, ఇద్దరు పేషెంట్లు, ఫలానా వారి మనిషి అని పై నుంచి ఫోన్. ఎవరికి ఇవ్వాలన్నది మీరొక్కరే తేల్చకూడదు, తేల్చమని మీ మీద తోసినా ఒప్పుకోకండి. ఇద్దరి సాచురేషన్, శ్వాస రేటు, బీపీ కాగితం మీద పెట్టి డ్యూటీ డాక్టర్ ముందుంచండి. “ఆర్డర్ రాసివ్వండి సార్, వెంటనే షిఫ్ట్ చేస్తాను” అనండి. రాయమనగానే చాలా పైరవీలు ఆగిపోతాయి. ఆగనివి కూడా ఉంటాయి. అప్పుడు ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో మీ నోట్స్‌లో ఉండాలి.

ఉద్యోగం మారాలనుకునే వాళ్ళకు ఒక మాట. మీలో చాలామంది జర్మనీకో బ్రిటన్‌కో గల్ఫ్‌కో వెళ్ళాలని చదువుకుంటున్నారు. వెళ్ళాలి కూడా. విదేశీ రిజిస్ట్రేషన్‌కు ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి. ఒక పోలీసు కేసు, ఒక క్రమశిక్షణ చర్య చాలు, పదేళ్ళ కష్టం ఆ కాగితం దగ్గర ఆగిపోతుంది.

పోయినవాళ్ళ విషయంలో

2020లో జంటనగరాల్లో ఒకరి శవం ఇంకొకరికి ఇచ్చిన ఘటనలు వార్తల్లోకొచ్చాయి. కారణాలు ఎప్పుడూ ఇలాంటివే: ట్యాగు ఒకటే కట్టడం, బ్యాగు మీద రాసిన ఇంకు చెరిగిపోవడం, ముఖం చూపించకపోవడం. చేతికి ఒకటి, కాలికి ఒకటి ట్యాగు కట్టాలి, బ్యాగు మీద మూడోది. ఇద్దరు చదివి సంతకం పెట్టాలి. ముఖం చూపించడాన్ని ఏ నియమమూ ఆపలేదు. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లోనే బ్యాగు జిప్పు తీసి ముఖం చూపించవచ్చని, తాకకుండా మతాచారాలు చేసుకోవచ్చని ఉంది. భయంతో మనమే ఆపాం. ఆ కడచూపు దక్కని కుటుంబాలు ఇప్పటికీ అడుగుతున్నాయి, అది మా వాళ్ళేనా అని.

నగల విషయం. పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుడక, ఉంగరం, ఫోన్, కట్టుడు పళ్ళు. తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి. రిజిస్టర్‌లో బంగారం అని రాయకండి, పసుపు రంగు లోహం అని రాయండి. అది బంగారమో కాదో మనకు తెలియదు, తర్వాత మార్చేశారన్న మాట రాకూడదు. ఫోన్ స్విచాఫ్ చేసి, కవర్ మీద పేరు రాసి సీలు వేయండి. స్విచాఫ్ చేసేదాకా పోయిన మనిషి ఫోన్ “అమ్మ” అని మోగుతూ ఉంటుంది. మొదటిసారి ఆ శబ్దం విన్న కొత్త నర్సును కాసేపు బయటికి పంపండి.

మీ సంగతి

సరైనది ఏమిటో తెలిసి కూడా చేయలేని పరిస్థితిలో కలిగే బాధకు అమెరికాలో ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన 1984లో నర్సుల గురించి రాస్తూ మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టారు. అలసట నిద్రపోతే పోతుంది, ఇది పోదు. నిద్ర పట్టకపోవడం, ఇంట్లో పిల్లల మీద అరవడం, పేషెంటు పోతే ఏమీ అనిపించకపోవడం దీని గుర్తులు. చివరిది వచ్చిందంటే మీరు చెడ్డవాళ్ళయ్యారని కాదు, డ్యూటీ మార్చమని అడగాల్సిన టైం వచ్చిందని. ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

పీపీఈ లేకుండా పరిగెత్తకండి. కళ్ళ ముందు మనిషి కొట్టుకుంటుంటే గౌను వేసుకునే మూడు నిమిషాలు ఎంత పొడవో నాకు తెలుసు. కానీ మీరు పడిపోతే మీ ముప్పై మందినీ ఎవరు చూస్తారు? కిట్లు లేకపోతే లేవని రాసివ్వండి, ఒక్కరే కాదు, షిఫ్ట్‌లో అందరూ కలిసి సంతకాలు పెట్టి ఇవ్వండి.

జీతం అడగడం దయకు వ్యతిరేకం కాదు. 2020 జూలైలో గాంధీలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాలూ రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగినప్పుడు, “ఈ టైంలోనా?” అన్నవాళ్ళున్నారు. పక్కపక్కనే ఒకే పని చేస్తూ, ఒకే జబ్బుకు ఎదురు నిలబడుతూ, సగం కన్నా తక్కువ జీతం తీసుకునే మనిషికి ఇంకే టైం ఉంటుంది? అడగండి, కానీ వార్డు ఖాళీ చేయకుండా వంతులు వేసుకుని అడగండి. చేరేటప్పుడే కాంట్రాక్టు చదవండి: జబ్బు చేస్తే సెలవు జీతంతోనా, క్వారంటైన్ ఖర్చు ఎవరిది, బీమా ఉందా. 2020లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ళకూ వర్తించింది. కానీ డ్యూటీ రోస్టర్‌లో పేరు లేనివాళ్ళు అది నిరూపించుకోవడానికి తిరగాల్సి వచ్చింది. మీ రోస్టర్ ఫోటో తీసి దాచుకోండి.

2021 చివర్లో, కోవిడ్‌తో పోయినవాళ్ళ కుటుంబాలకు 50,000 రూపాయలు ఇస్తారని తెలిసి చాలామంది కాగితాల కోసం ఆస్పత్రికి వచ్చారు. సిద్దిపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. కేస్‌షీట్ కాపీ కోసం రికార్డు సెక్షన్‌కు తీసుకెళ్ళాను. కాగితాలు అందాక కూడా ఆమె కదల్లేదు. “మా నాయిన ఆ రాత్రి ఏమన్న అడిగిండా సిస్టర్?” అంది.

నర్సెస్ నోట్స్ తిప్పాను. తెల్లవారుజామున 3.40కి రాసి ఉంది: నీళ్ళు అడిగారు, చెంచాతో ఇచ్చాను, కూతురి పేరు రెండుసార్లు అన్నారు, పక్కన కూర్చున్నాను. కింద సంతకం. నేను తెలుగులో చదివి చెప్పాను. ఆ కూతురు తనేనంది ఆమె.

రాసిన అమ్మాయి అప్పటికే ఉద్యోగం మారింది. సాయంత్రం ఫోన్ చేశాను. బెడ్ నంబరు చెప్పబోతుంటే ఆపి, “పేరు చెప్పండి మేడమ్” అంది. చెప్పాను. కాసేపు ఆగి, “జావలో ఉప్పు ఎక్కువైందని అన్నారు కదా, ఆయనే” అంది.